కియమ్మ ఉన్న ఫ్లాటు

జపాన్‌లో పాత అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనవచ్చా అని అడిగేవాళ్లు ఈమధ్య సిద్దిపేటలో కూడా తయారయ్యారు. పొద్దున్నే చెరువు కట్ట మీద నడుస్తుంటే పక్కన చేరి అడుగుతారు. హైదరాబాదు శివార్లలో ప్లాటు కూడా రాని డబ్బుకు అక్కడ ఏకంగా ఫ్లాటే వస్తుందని ఫోనులో వీడియో చూసి ఉంటారు. ఆ వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. చెప్పనిది మాత్రం చాలా ఉంటుంది. ఆ చెప్పనిదాన్ని చెప్పడమే నేను ఇన్నేళ్లూ చేసిన ఉద్యోగం.

జపనీస్ నేర్చుకుని అక్కడి ఇళ్ల అమ్మకాల ఆఫీసుల్లో చేరాలనుకుంటున్న పిల్లలు కొందరు నన్ను అనుభవాలు రాసిపెట్టమన్నారు. లైసెన్సు పరీక్ష ఎలా గట్టెక్కాలో, జీతం ఎంత ఇస్తారో రాయను. అవి ఎవరైనా చెబుతారు. ఈ పనిలో మనిషి ఏం చూడాలో, ఏం చూసి కూడా నోరు మూసుకోవాల్సి వస్తుందో రాస్తాను.

చదివి వినిపించే పని

నేను జపనీస్ మీద మోజుతో జపనీస్ నేర్చుకోలేదు. హైదరాబాదులో డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రం భాషల క్లాసుల్లో ఫ్రెంచికీ జర్మనుకూ సీట్లు నిండిపోయాయి. జపనీస్‌లో బెంచీలు ఖాళీగా ఉన్నాయి. అలా చేరినవాణ్ణి ఒసాకా దగ్గర ఒక మోటారు విడిభాగాల ఫ్యాక్టరీలో దుబాసీగా తేలాను. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక అదే వీధి చివర ఉన్న చిన్న ఇళ్ల అమ్మకాల ఆఫీసులో కుదురుకున్నాను. దాని యజమాని ఒకుడా గారు. ఉద్యోగం మానేసేదాకా ఆయనే నా బాస్.

అక్కడ ఇల్లు కొనేవాడు సంతకం పెట్టే ముందు ఒక తంతు జరగాలి. లైసెన్సు ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని, తన కార్డు చూపించి, ఆ ఇంటికి సంబంధించిన ముఖ్యమైన సంగతులన్నీ చదివి వివరించాలి. అది చట్టం. కొనేవాడు "నాకు తెలుసులెండి" అన్నా వదలకూడదు. విదేశాల నుంచి వచ్చిన కొనుగోలుదారులకు, ముఖ్యంగా మనవాళ్లకు, ఆ చదవడం నా వంతు. వ్రతంలో కథ చదివే అయ్యగారిని ప్రసాదం కోసం కూర్చున్నవాళ్లు ఎలా వింటారో నన్నూ అలాగే వినేవారు. తల ఊపుతారు, మనసు తాళంచెవి మీద ఉంటుంది.

నేను చదివేది ఇలాంటిది. ఈ భవనం పందొమ్మిది వందల ఎనభై ఒకటిలో వచ్చిన భూకంప నిబంధనలకు ముందు కట్టిందా, తర్వాత కట్టిందా. భవనం మొత్తానికి మరమ్మతుల నిధి ఎంత పోగైంది. ఆ నిధికి నెలనెలా మీ వాటా ఎంత. ఫ్లాటు ఖాళీగా పడి ఉన్నా అది కట్టాల్సిందే. మన దగ్గర ఇల్లు కొంటే ఖర్చు అయిపోయిందనుకుంటాం, అక్కడ కొన్న రోజు నుంచి ఖర్చు మొదలవుతుంది. పైగా అక్కడ కట్టడం పాతబడే కొద్దీ ధర తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క మన తెలుగువాళ్ల బుర్రకు ఎక్కించడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇంటి ధర తగ్గుతుందంటే, సూర్యుడు పడమట ఉదయిస్తాడన్నట్టు నా ముఖం చూసేవారు.

ఒకుడా గారు చూసేవి

ఒకుడా గారు మాట తక్కువ మనిషి. పాత అపార్ట్‌మెంటు చూపించడానికి వెళితే ముందు ఫ్లాటు తలుపు తీసేవారు కాదు. కింద సైకిళ్లు పెట్టే జాగాకు తీసుకెళ్లేవారు. అక్కడినుంచి చెత్త వేసే గదికి, ఆ తర్వాత ఉత్తరాల డబ్బాల దగ్గరకు. సైకిళ్లు తుప్పు పట్టి ఒకదాని మీద ఒకటి పడి ఉంటే ఆ భవనంలో ఎవరి మాటా ఎవరూ వినరని అర్థం. రేపు నీళ్ల పైపులు మార్చాలన్నా అక్కడ పది మంది ఒకచోట కూర్చోరు. "లోపల టైల్స్ ఎవరైనా కొత్తవి వేస్తారు. కింద చూడండి" అనేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న వాటిలో ఇదే ఎక్కువ పనికొచ్చింది. సిద్దిపేటలో అపార్ట్‌మెంట్లు లేస్తున్న ఈ రోజుల్లో ఇక్కడ కూడా పనికొస్తుంది.

ఆయనతో నాకు పడని విషయం ఒకటుంది. కొనకూడని మనిషి కొంటున్నాడని తెలిసినా ఆపేవారు కాదు. చదివి వినిపించడం వరకే మన పని, ఆపడం మన పని కాదు అనేవారు.

ఒకసారి మన హైదరాబాదు కుర్రాడొకడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పాత ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశం రోజున తలుపుకు బయటివైపు నిండుగా పసుపు రంగు వేయించి కుంకుమ బొట్లు పెట్టాడు. తలుపు లోపలివైపే తనదనీ, బయటివైపు భవనంలో అందరిదనీ నేను చదివి వినిపించాను. అతనికి ఎక్కలేదు. రెండు రోజుల్లో నివాసుల సంఘం పెద్ద వచ్చాడు. ఒకుడా గారు ఆ కుర్రాడి పక్కన నిలబడి వంగి వంగి క్షమాపణ చెప్పారు. బయటికొచ్చాక నాతో, "ఈసారి చదివేటప్పుడు ఆ వాక్యం దగ్గర ఆగి, అతని చేత తలుపు గీయించండి" అన్నారు. అప్పటినుంచి మనవాళ్లకు చదివేటప్పుడు తెల్లకాగితం పక్కన పెట్టుకున్నాను. ఏది మీది, ఏది కాదు అని వాళ్ల చేతే గీతలు గీయించేవాణ్ణి. బాల్కనీ కూడా మీది కాదు, వాడుకునే హక్కు మాత్రమే మీది అన్నప్పుడు ముఖాలు చూడాలి.

భారతమ్మ

మా ఆవిడ ఆరోగ్యం కుదురుగా లేక నేను సిద్దిపేటకు వచ్చేశాను. అప్పటికే ఆ చదివి వినిపించే తంతును వీడియోలో జరపడానికి అక్కడి చట్టం ఒప్పుకుంది. మా మేడ మీది గదిలో కూర్చుని ఒసాకా ఇళ్ల సంగతులు చదివేవాణ్ణి. కింద వీధిలో కూరగాయల బండివాడి కేక మైకులో పడితే ఒకుడా గారు మర్యాదగా ఆగేవారు.

అలాంటి రోజుల్లో భారతమ్మ వచ్చింది. నాకన్నా పెద్దది. భర్త పోయాక పాత బస్టాండు వెనక గదులు కట్టి కిరాయికిచ్చి బతికిన మనిషి. చిన్నకోడూరు, అక్కన్నపేట వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, మగ్గం మీద బతికే కుటుంబాలు ఆమె గదుల్లో ఉండేవి. మంచి పేరేమీ లేదు. నీళ్ల మోటారు పొద్దున ఒక్కసారే వేస్తుందనీ, ప్రతి దసరాకు కిరాయి పెంచుతుందనీ తిట్టుకునేవాళ్లు. ప్రతి నెలా ఒకటో తారీఖున తనే గది గదికీ వెళ్లి, గడప మీద కూర్చుని, కిరాయి చేతికి తీసుకునేది. ఫోనులో వేస్తామంటే ఒప్పుకునేది కాదు. "ఫోన్ల ఏస్తె పైసలు కనవడ్తయి, మనిషి కనవడడు" అనేది. వెళ్లగానే అడిగే మొదటి మాట నీళ్ల గురించే. ఆ తర్వాత కళ్లు గోడల మీద తిప్పి, మేకు ఎక్కడ కొట్టారో చూసుకుని లేచేది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు రోడ్డు వైపున్న ఆమె గదులు పోయాయి. పరిహారం చేతికొచ్చింది. ఆమె చెల్లెలి కొడుకు శ్రావణ్ ఒసాకా దగ్గర ఒక యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాడే ఈ ఫ్లాటు చూసి పెట్టాడు. నాలుగో అంతస్తు, పాత భవనం, లోపల కిరాయికి ఒకామె ఉంది. చుట్టుపక్కల ఫ్లాట్ల కన్నా బాగా తక్కువ ధర. అమ్మేది మా ఆఫీసే కాబట్టి చదవడం నా వంతు వచ్చింది. వాళ్లింటికే లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. తెర మీద ఒక పక్క ఒకుడా గారు, ఇంకో పక్క శ్రావణ్. ఈ పక్క నేలమీద చాప వేసుకుని భారతమ్మ.

"వాకిలి ఎటు?" అన్నది మొదట.

"ఉత్తరం అక్కా."

"మంచిదే. జాగ ఎంతొస్తది మనకు?"

నేను లెక్క చూసి, భవనం కింద భూమిలో ఆమె వాటా సుమారు ఒక మంచమంత ఉంటుందని చెప్పాను.

"మంచమంత జాగకు గింత కథనా?" అని నవ్వింది.

మరమ్మతుల నిధి గురించి చదివితే ఎవరైనా మూతి విరుస్తారు. ఆమె మెచ్చుకుంది. "గది మంచి పద్ధతి. గీడ బోరు కరాబైతె ఒక్కడు పైస తీయడు" అంది. ఆమెకు ఎక్కనిది ఇంకొకటి. కిరాయిదారు ఉన్న ఫ్లాటును కొనేవాళ్లు లోపలికి వెళ్లి చూడటం కుదరదు. లోపల మనిషి కాపురం ఉంది, తలుపు తీసి చూపించమనే హక్కు యజమానికి లేదు. కొన్నాక కూడా సరైన కారణం లేనిదే ఖాళీ చేయించలేరు. అందుకే ధర తక్కువ.

"అయితె ధర ఎప్పుడు పెరుగుతది?" అని అడిగింది.

తెర మీద నుంచి శ్రావణ్ అందుకున్నాడు. "ఖాళీ అయినంక పెద్దమ్మా. ఆమెకు ఎనభై దాటినయ్. ఒక్కతే ఉంటది. ఇంకెన్ని దినాలు ఉంటది? తర్వాత లోపల కొత్తగ చేయించి అమ్ముకుంటె మస్తు లాభం."

భారతమ్మ తెర మీదికి వంగింది. "అంటె ముసలామె ఎప్పుడు పోతదా అని కూసోని సూసుడా?" అంది.

ఒకుడా గారు ఆమె ఏమన్నదని అడిగారు. ఉన్నదున్నట్టు అనువదించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "నిజానికి అంతే. ఈ కాగితంలో ఆ మాట రాయడానికి చోటు లేదు" అన్నారు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఇది తెలుసుకోవాలి. పాత ఇళ్ల వ్యాపారంలో లాభం ఎక్కడినుంచి వస్తుందో చాలాసార్లు ఎవరూ నోటితో అనరు. అనకపోవడానికి మనకు జీతమిస్తారు.

భారతమ్మ ఆ రోజు సంతకం పెట్టలేదు. ఆమెకు ఒకటే పట్టుదల. "ఇల్లు సూపియ్యకుంటె మానె. ఉన్న మనిషి మొకమన్న సూపియ్యున్రి. మొకం సూడంది నేను కొన."

కియో గారు ఆఫీసుకు వచ్చిన రోజు

ఒకుడా గారికి ఇది మింగుడు పడలేదు. అక్కడ ఇంటి యజమాని కిరాయిదారును కలవాలనుకోవడమంటే తగువైనా అయి ఉండాలి, ఖాళీ చేయమనడమైనా అయి ఉండాలి. అయినా బేరం పోతుందని అడిగి చూశారు. ఆ కిరాయిదారు పేరు కియో. ఒకప్పుడు బడి వంటశాలలో పనిచేసిందట. పిల్లలు లేరు. భర్త బతికున్నప్పుడు ఆ ఫ్లాటులోకి వచ్చి అక్కడే మిగిలిపోయింది.

ఆమె ఆఫీసుకు నల్లటి దుస్తుల్లో వచ్చింది. పెద్దమనుషుల ఎదుటికి వెళ్లేటప్పుడు వేసుకునేవి. చేతిలో రంగుకాగితం చుట్టిన మిఠాయి డబ్బా. కెమెరా ముందు కుర్చీ అంచున కూర్చుంది. తెరలో చాలాసేపు ఆమె తల వెంట్రుకలే కనిపించాయి, అంత వంగింది. ఆమె ఎందుకు అంతగా వంగిందో నాకు తెలుసు. ఒంటరి ముసలివాళ్లకు అక్కడ ఎవరూ ఇల్లు కిరాయికివ్వరు. ఈ ఇల్లు పోతే ఆమెకు ఇంకో ఇల్లు దొరకదు. ఆమె వచ్చింది తనను వెళ్లగొట్టవద్దని వేడుకోవడానికి.

భారతమ్మకు ఇదేమీ తెలియదు. తన గదుల్లో ఒకటో తారీఖున అడిగినట్టే అడిగింది. "నీళ్లు మంచిగస్తున్నయా?"

నేను అనువదించాను. కియో గారు తల ఎత్తి నా వైపు చూసింది, నేను తప్పు చెప్పానేమో అన్నట్టు. మళ్లీ చెప్పాను.

"బాగానే వస్తున్నాయి. వంటింట్లో పంపు కొంచెం కారుతుంది. నాకేమీ ఇబ్బంది లేదు" అంది.

"శ్రావణ్, రేపు పొయ్యి వాషర్ మార్చు" అంది భారతమ్మ, తెరలో ఇంకో పక్కనున్న వాడితో. నాకర్థమైనంతవరకు ఆమె అప్పుడే ఆ ఇల్లు కొనేసింది.

కియో గారు ఎంతో కూడదీసుకుని, తాను ఎన్నాళ్లు ఉండవచ్చని అడిగింది.

"కిరాయి కట్టినన్ని దినాలు ఉండు. నేనెందుకు ఎల్లగొడ్త?"

నేను ఆ మాటకు మెరుగులు పెట్టలేదు. అలాగే చెప్పాను. కియో గారు చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. ఒకుడా గారు లేచి టీ తెచ్చే నెపంతో పక్కకు వెళ్లారు. భారతమ్మ మాత్రం, "ఏమైంది? కిరాయి ఎక్కువనా?" అని నన్నడిగింది.

కొన్న తర్వాత ప్రతి నెలా ఒకటో తారీఖున వీడియో పెట్టించేది. కిరాయి ఎలాగూ బ్యాంకులో పడుతుంది. ఆమెకు మనిషి కనబడాలి. ఒకుడా గారికి ఇది నచ్చలేదు. కిరాయిదారును యజమాని ఇలా పలకరించడం ఒత్తిడి కిందికి వస్తుంది, మానిపించమన్నారు. పద్ధతి ప్రకారం ఆయన మాటే సరైనది. నేను భారతమ్మకు చెప్పాను, ఆమె మానేసింది. ఆ నెల ఒకటో తారీఖు దాటాక కియో గారు ఆఫీసుకు ఫోన్ చేసి, ఇంటి యజమానురాలికి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఒకుడా గారు ఆ సంగతి నాకు చెప్పి, ఇక తన అభ్యంతరం వదులుకున్నారు. మళ్లీ మొదలైంది.

రానురాను నా అవసరం తగ్గింది. ఆమె ఒసాకా యాసలో ఏదో అనేది, ఈమె సిద్దిపేట యాసలో ఏదో అనేది. ఆమె ఎండబెట్టిన ముల్లంగి చూపిస్తే ఈమె మామిడికాయ తొక్కు జాడీ చూపించేది. భారతమ్మ నోట్లో కియో గారు కియమ్మ అయింది. నేను పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి.

ఖాళీ చేస్తానన్న మాట

ఒక ఒకటో తారీఖున కియో గారు మళ్లీ ఆ నల్ల దుస్తుల్లో తెర మీదికి వచ్చింది. పక్కన ఒకుడా గారు ఉన్నారు. వచ్చే నెల ఇల్లు ఖాళీ చేస్తానంది. ఊరికి దూరంగా కొండవైపు ఉన్న వృద్ధాశ్రమంలో, నలుగురుండే గదిలో ఒక మంచం దొరికిందట.

"ఎందుకట? పంపు మళ్ల కారుతుందా?" అంది భారతమ్మ.

ఒకుడా గారు చెప్పారు. ఒంటరిగా ఉన్న మనిషి ఇంట్లో చనిపోయి చాలా రోజులకు గానీ ఎవరికీ తెలియకపోతే, ఆ ఇంటికి మచ్చ పడుతుంది. తర్వాత వచ్చేవాళ్లకు ఆ సంగతి చెప్పాలి. కిరాయి పడిపోతుంది, అమ్మకం ధర పడిపోతుంది. కియో గారికి ఈమధ్య గుండె నొప్పి వస్తోంది. తన చావు వల్ల మీకు నష్టం రాకూడదని, బతికుండగానే వెళ్లిపోతానంటోంది.

ఇది మాకు విడమరచి చెప్పనవసరం లేదు. మన దగ్గర కిరాయి ఇంట్లో ఉన్న మనిషి దవాఖానలో చనిపోతే శవాన్ని ఆ ఇంటికి తేనివ్వరు. ఇంటాయన గేటు తీయడు. వీధి మొగదల టెంటు వేసి, రోడ్డు మీదే పడుకోబెట్టి, అక్కడినుంచే తీసుకెళతారు. కిరాయి ఒప్పందంలో ఎవరూ రాయరు గానీ ఇచ్చేవాడికీ తెలుసు, ఉండేవాడికీ తెలుసు. జపాన్ ఇళ్ల సంగతులు మనవాళ్లకు చదివి వినిపించినన్నాళ్లూ అర్థం కానివే ఎక్కువ. ఈ ఒక్కటి భారతమ్మకు నేను చెప్పడం ముగించకముందే అర్థమైంది. తల దించుకుని చాప ఈనె గిల్లుతూ కూర్చుంది.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "తమ్మీ, మనిషి సచ్చిపోతె ధర పడ్తదా, సచ్చిపోయింది ఎవలకు తెల్వకుంట ఉంటె పడ్తదా?"

ఒకుడా గారిని అడిగి చెప్పాను. ముసలితనంతో, జబ్బుతో మామూలుగా పోతే, వెంటనే తెలిస్తే, అది ఎవరికీ చెప్పాల్సిన విషయం కాదు. తెలియకుండా పడి ఉంటేనే మచ్చ.

"అయితె తెల్వాలె. గంతే గద?" అంది. "దినాం పొద్దుగాల నాకొక మిస్డ్ కాల్ ఇయ్యుమను. నేను ఎత్తకుంట కట్ జేస్త. పైసలు కావు. ఫోన్ రాకుంటె నువ్వు గీ సార్‌కు చెప్పు, ఆయన పొయ్యి సూస్తడు."

అది ఇంటర్నెట్ ఫోను, ఎత్తినా పైసలు కావని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. మిస్డ్ కాల్ అనే మాటకు జపనీస్‌లో సరైన మాట దొరక్క, మోగించి పెట్టేయడం అని చెప్పాను. అలా ఎందుకు చేస్తారని ఒకుడా గారు అడిగారు. మా దేశంలో సగం కబుర్లు అలాగే నడిచాయని చెప్పాను. అక్కడ పొద్దున పది గంటలంటే ఇక్కడ ఆరున్నర, భారతమ్మ వాకిట్లో నీళ్లు చల్లే వేళ. అదే కుదిరింది. ఆఫీసులో ఉన్న రెండో తాళంచెవి వాడటానికి కియో గారు ఒప్పుకుంటూ సంతకం పెట్టింది. కొండవైపు మంచం వద్దనుకుంది.

తర్వాత భారతమ్మను నేనే అడిగాను. ఇది ఆమె మీద జాలా, ధర మీద భయమా అని.

"రెండూ. రెండుండొద్దా?" అంది.

నేను దీన్ని ఎవరికీ పెట్టుబడి సలహాగా ఇవ్వను. శ్రావణ్ లెక్క ప్రకారం ఆ ఫ్లాటు అన్నాళ్లూ నష్టమే. వచ్చిన కిరాయిలో సగం మరమ్మతుల నిధికీ, మిగతాది పన్నులకూ ఖర్చులకూ పోయేది. పాత ఫ్లాటు కొని ధనవంతులైన మనవాళ్లను నేను చూడలేదు, వడ్డీకి తెచ్చి కొని ఏడ్చినవాళ్లను చూశాను. అడిగినవాళ్లలో ఎక్కువ మందికి వద్దనే చెబుతాను.

ఫోన్ రాని పొద్దు

ఆ మిస్డ్ కాల్ చాలా నెలలు నడిచింది. వానాకాలం పోయి మళ్లీ వానాకాలం వచ్చింది. నేను ఉద్యోగం మానేసే ఏర్పాట్లలో ఉన్నాను.

ఒకరోజు పొద్దున్నే భారతమ్మ మా ఇంటి మెట్లెక్కి వచ్చింది. చీర కుచ్చిళ్లు ఇంకా పైకి దోపుకునే ఉన్నాయి, చేతులకు తడి. ఫోను చేసి చెప్పవచ్చు గదా అనిపించింది, కానీ ఆమె మనిషిని చూసి చెప్పే రకం.

"తమ్మీ, కియమ్మ ఫోన్ రాలె."

ఒకుడా గారికి చెప్పాను. ఆయన తాళంచెవి తీసుకుని, వీధి చివరి చౌకీ నుంచి ఒక పోలీసును వెంటబెట్టుకుని వెళ్లారు. మేమిద్దరం మెట్ల మీదే కూర్చున్నాం. మా ఆవిడ టీ ఇచ్చింది, భారతమ్మ తాగలేదు.

తిరిగి ఫోను వచ్చింది. కియో గారు పడక మీద ఉంది, దుప్పటి కూడా చెదరలేదట. తెల్లవారుజామున గుండె ఆగి ఉంటుందని డాక్టరు చెప్పాడు. నేను ఆ మాట భారతమ్మకు చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. ఈ ఉద్యోగంలో అప్పటిదాకా ఎవరికోసమూ ఏడవలేదు.

ఒకుడా గారు ఇంకా లైనులోనే ఉన్నారు. ఆయనకు ఇంకో పని మిగిలింది. కియో గారి దూరపు బంధువు మర్నాటికి గానీ రాలేడు. అంత్యక్రియల హాలుకు ఇప్పుడే తరలించవచ్చు. కానీ అదే అంతస్తులో ఉండే ముసలివాళ్లు నలుగురు, ఈ ఒక్క రాత్రి ఆమెను ఆమె ఫ్లాటులోనే ఉంచి, పక్కన కూర్చుంటామని అడుగుతున్నారు. దానికి యజమాని అనుమతి కావాలి. ఇష్టం లేకపోతే ఒప్పుకోనక్కరలేదు, ఎవరూ తప్పు పట్టరు. ఈ మాట కూడా చెప్పమన్నారు. ఏ సంగతీ వదలకుండా చెప్పడం ఆయన పద్ధతి. నేను అన్నీ చెప్పాను.

భారతమ్మ నా వైపు కోపంగా చూసింది. "నన్నడుగుడేంది? ఆమె ఇల్లది. ఆమె ఇంట్ల ఆమెను ఉంచనీకె నా పర్మిషన్ ఏంది?"

నేను ఫోను పక్కకు పెట్టాను. ఆమె కళ్లు తుడుచుకుంది. మెట్లు దిగబోయి మూడో మెట్టు మీద ఆగింది.

"మా గదులల్ల ఓదెలు అని మగ్గం నేసేటాయన ఉండె. దవాఖానల పోయిండు. పెండ్లాం పిల్లలు శవాన్ని తీస్కచ్చి గేటు ముంగట నిలవడ్డరు. వాన దంచి కొడుతుండె." చేయి గోడకు ఆనించింది. "నేను గేటు తియ్యలె తమ్మీ."

ఆమె దిగి వెళుతూ వెనక్కి తిరగకుండానే, "కియమ్మ తలుపు తెరిచే పెట్టుమను. వచ్చేటోళ్లు వస్తరు" అంది.

నేను ఫోను తీసి ఒకుడా గారికి ఆ మాట చెప్పాను.